మేత పెంచుటకు ముందు నీటిని చూడండి

చౌడు నేలలో జింకు ఉన్నను వరి దానిని సరిగా పీల్చుకొనలేదని మీకు తెలియును. లోపము నేల గుణములో ఉన్నది. సముద్రపు చేపను పెంచువారును ఈ సంగతి గుర్తుంచుకొనవలెనని నా అభిప్రాయము.

మానవుల వలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతును సముద్రము పీల్చుకొనుచున్నది. అందుచే పైనీటి పి.హెచ్. పారిశ్రామిక యుగమునకు ముందున్న 8.2 నుండి 8.1కి దిగినది. తేడా స్వల్పమే అనుకొనరాదు. ఆమ్లత పాతిక శాతము పెరిగినట్లు లెక్క.

సముద్రపు చేప ఉప్పునీరు త్రాగి బ్రతుకును. ఆ నీరు ఒంటికి పట్టుటకు దాని ప్రేగు బైకార్బొనేటును స్రవించి, నీటిలోని సున్నమును తెల్లని మడ్డిగా వేరుచేయును. ఈ వాయువు హెచ్చినపుడు చేప రక్తమును కాపాడుకొనుటకు బైకార్బొనేటును నిలువ చేసుకొనును. కాని ప్రేగు దానినే మరింతగా బయటికి విడుచుచున్నట్లు మెక్సికో సింధుశాఖలోని టోడ్‌ఫిష్‌పై జరిగిన పరిశోధన 2012లో తెలిపినది. ఒక చేత కూడబెట్టి మరొక చేత పారబోసినట్లే గదా! ఈ పనికి కావలసిన శక్తి తిన్న మేత నుండియే రావలెను. అన్ని జాతులును ఒకే తీరున ఉండవనుట నిజమే.

అయినను పండుగప్ప తొట్లలో చేపలు కిక్కిరిసియున్నచో, వాటి శ్వాస వలననే ఈ వాయువు సముద్రములోకంటె ఎక్కువ కాగలదు. ఎదుగుదల తగ్గగానే మేత పెంచుట మన అలవాటు. తినక మిగిలిన మేత కుళ్ళి ఆ వాయువునే పెంచును. కావున ముందు తెల్లవారుజామున నీటి పి.హెచ్.ను, క్షారతను పరీక్షించుడు. గాలి బాగుగా ఆడించుడు. మేత సంగతి ఆపైన ఆలోచించవచ్చును.