విభక్తి తెలిసిన పిల్లలకు ప్రిపోజిషన్ అంటే బెదురెందుకు?



ఇంగ్లిష్‌లో విశేషణం తర్వాత ఏ ప్రిపోజిషన్ రావాలన్నది మన పిల్లలకు బడిలో ఉన్నన్నాళ్లూ పరీక్షలో ఓ చిన్న ప్రశ్న. బడి దాటాక ఉద్యోగ దరఖాస్తులోనూ ఇంటర్వ్యూలోనూ అదే వాళ్ల చదువు మొత్తాన్నీ తూచే తక్కెడైపోతుంది. ‘యాంగ్రీ ఆన్ మీ’, ‘మ్యారీడ్ విత్’, ‘సీనియర్ దేన్ మీ’ అనే కుర్రాణ్ణి చూసి నవ్వేవాళ్లకు కొదవలేదు. ఆ తప్పు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగేవాళ్లే తక్కువ. ఈ తప్పులు తెలుగు విభక్తుల్లోంచి తిన్నగా నడిచొస్తున్నాయి కాబట్టి, వాటిని దిద్దేటప్పుడు కూడా తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టుకోవాలన్నది నా వాదన.

ఆ మూడు తప్పులనే చూడండి. మనకు కోపం ఒకరి ‘మీద’ వస్తుంది, అందుకే ఆన్. పెళ్లి ఒకరి‘తో’ అవుతుంది, అందుకే విత్. ‘నాకంటే సీనియర్’ అంటాం, అందుకే దేన్. లెక్కల‘లో’ దిట్ట కాబట్టి ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ కూడా ఆ కోవలోదే. ఇంగ్లిష్ మాత్రం మనిషి మీద కోపానికి విత్, పెళ్లికి టు, లెక్కల్లో నేర్పుకు యట్ వాడుతుంది. మనం పెళ్లికి వాడే ‘తో’ను వాళ్లు కోపానికి వాడుకున్నారు, ఇందులో తర్కం వెతికితే దొరకదు. సంస్కృతంలో పాణిని కోపానికి చతుర్థి, భయానికి పంచమి విధించాడు. భయానికి ‘వలన’ అని చిన్నయసూరి బాలవ్యాకరణమూ చెప్పింది. నోటిమాటలో మనం ‘సముద్రమంటే భయం’ అంటాం. ఏ భాష ఒరవడి దానిదే. కనుక ‘కోపం మీద కదా, మరి ఆన్ ఎందుకు కాదు?’ అని పిల్లవాడు అడిగితే అది తెలివైన ప్రశ్న. దానికి ‘రూలు అంతే’ అని కసరడం కన్నా ‘మనం మీద అంటాం, వాళ్లు తో అంటారు’ అని చెబితే ఆ జత గుర్తుండిపోతుంది. కొన్నిచోట్ల ఒకటి చెబితే నాలుగు వస్తాయి: సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి పోలిక అర్థాన్ని కడుపులో పెట్టుకునే వచ్చాయి, ఇంగ్లిష్ వాటి తర్వాత దేన్ పెట్టదు, టు పెడుతుంది.

అన్నిటికన్నా రుచికరమైనది ‘డిఫరెంట్’ కథ. మన గైడ్లలో దీనికి ఒకే జవాబు, ఫ్రమ్. కానీ బ్రిటన్‌లో ‘డిఫరెంట్ టు’, అమెరికాలో ‘డిఫరెంట్ దేన్’ నిత్యం వినపడతాయి. డిఫరెంట్ తర్వాత టు రాకూడదనడం వట్టి మూఢనమ్మకమని ఫౌలర్ 1926లోనే తన ప్రయోగ నిఘంటువులో తేల్చేశాడు. మన భాషలో చూసుకుంటే ‘దాన్నుంచి భిన్నం’, ‘దానికి భిన్నం’, ‘దానికంటే భిన్నం’ అని ఆ మూడు దారులూ ఉన్నాయి. తెలుగు పిల్లవాడికి ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే విషయం ఇంగ్లిష్ వ్యాకరణంలో మరొకటి ఉంటుందనుకోను. పరీక్షలో ఫ్రమ్ రాయమనండి, దోషం లేదు. టు రాసినవాడికి సున్నా వేయడం మాత్రం అన్యాయం. ‘మ్యారీడ్ విత్’ కూడా షేక్‌స్పియర్ కాలంలో చెల్లిన ప్రయోగమే. హామ్లెట్ తన తల్లి పునర్వివాహం గురించి అలాగే మాట్లాడతాడు. ఈనాటి వాడుకలో అది చెల్లదు కాబట్టి దిద్దాలి, నవ్వకుండా దిద్దాలి.

‘అర్థమైతే చాలదా, ఈ చాదస్తం దేనికి?’ అనేవారున్నారు. సగం ఒప్పుకుంటాను. ‘యాంగ్రీ ఆన్’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అయితే అర్థమే మారిపోయే చోట్లున్నాయి. మా దగ్గరి ఉదాహరణే చెబుతాను. 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు మొదట మా ఊరు భావనపాడు పేరుతోనే మొదలైంది. అక్కడ పని దొరుకుతుందని ఈ తీరం పిల్లలు ఆశపడుతున్నారు. పోర్టులో ‘సరుకుకు బాధ్యుడు’, ‘ఆఫీసరుకు బాధ్యుడు’ అని తెలుగులో రెండింటికీ ‘కు’తో సరిపెట్టేస్తాం. ఇంగ్లిష్‌లో సరుకుకు రెస్పాన్సిబుల్ ఫర్, ఆఫీసరుకు రెస్పాన్సిబుల్ టు. అటుది ఇటైతే ఆఫీసరు బాగోగులు గుమస్తా చూస్తున్నాడనే అర్థం వస్తుంది! అలాగే ‘టయర్డ్ ఫ్రమ్ ఫిషింగ్’ అంటే వేట చేసి అలిసిపోయాడని, ‘టయర్డ్ ఆఫ్ ఫిషింగ్’ అంటే వేటంటేనే విసుగెత్తిందని. ఈ రెంటికీ తెలుగులో వేరువేరు మాటలున్నాయి. ఆ తెలుగు మాటలు పక్కన పెట్టకుండా వట్టి ఆఫ్, ఫ్రమ్ బట్టీ కొట్టిస్తే తేడా ఎలా తెలుస్తుంది?

గట్టి అభ్యంతరం మరొకటుంది. ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్పాలి, మధ్యలో తెలుగొస్తే పిల్లలు రెండూ కలిపేస్తారు అంటారు. డైరెక్ట్ మెథడ్ అనే ఈ పద్ధతి ఉత్తరాంధ్రకు కొత్త కాదు. గత శతాబ్దం మొదట్లో ఇక్కడ బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన యేట్స్ దొర దానికి గట్టి సమర్థకుడు. ఆయన వేసిన ప్రశ్నలు మన గిడుగు రామమూర్తి పంతులు గారిని చివరికి వాడుక తెలుగు ఉద్యమానికే నడిపించాయి. పద్ధతిలో మేలుంది, ఇంగ్లిష్ వినకుండా, మాట్లాడకుండా ఎవరికీ రాదు. కానీ పొద్దస్తమానం ఇంగ్లిష్ వినే ఇంట్లో పనికొచ్చేది, వారానికి ఆరు పీరియడ్లు వినే పిల్లవాడికి సరిపోదు. తెలుగును గదిలోంచి పంపేసినా పిల్లవాడి తలలోంచి పంపలేం. ‘యాంగ్రీ ఆన్’ పుడుతున్నది అక్కడే. తెల్లదొరలు తెలుగు నేర్చుకున్నప్పుడు తమ భాషను దూరం పెట్టుకోలేదు కూడా. 1816లో కాంబెల్, 1840లో బ్రౌన్, 1873లో ఆర్డెన్ రాసిన తెలుగు వ్యాకరణాలన్నీ ఇంగ్లిష్‌లో వివరించినవే. వాళ్లకు చెల్లింది మన పిల్లలకు చెల్లదా?

మరి ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ల పిల్లలు, సీతంపేట సవర పిల్లలు ఉన్నారు కదా, వాళ్లకు తెలుగే రెండో భాష కదా అంటే, నిజమే. అక్కడ పోలిక ఒడియా వాక్యంతో, సవర వాక్యంతో మొదలుపెట్టాలి. సవరల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసి చూపించిన గిడుగు వారు పుట్టింది ఈ వంశధార ఒడ్డునే. ఇలా రెండు భాషలను పక్కపక్కన పెట్టడం మన బడికి కొత్తేమీ కాదు. ప్రభుత్వం 2020 నుంచి లెక్కలు, సైన్సు పుస్తకాలను ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో అచ్చు వేయిస్తోంది. ఇంగ్లిష్ వాచకంలో పాఠానికొక అరపేజీ అలా కేటాయించి, ఆ పాఠంలో వచ్చిన విశేషణాలను ప్రిపోజిషన్‌తో కలిపి పూర్తి వాక్యాలుగా ఒకవైపు, అదే మాట మన ఇళ్లలో అనే తీరు రెండోవైపు వేయించవచ్చు. ప్రశ్నపత్రంలో కూడా ఖాళీ ఇచ్చి పూరించమనే బదులు, ‘వాడికి నా మీద కోపం’ అని ఇచ్చి ఇంగ్లిష్‌లో చెప్పమనాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భావనపాడు, సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా.