డిగ్రీ ఉన్నవారి పేదరికం: బంగ్లాదేశీ, కంబోడియా వలసల లెక్క

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతానికి తూర్పు భాగాన పార్క్‌చెస్టర్ ఉంది. అక్కడి స్టార్లింగ్ అవెన్యూను ఇప్పుడు బంగ్లా బజార్ అని పిలుస్తారు. గోదావరి జిల్లాలవారు పులస అని మురిసిపోయే చేపనే అక్కడి దుకాణాల్లో ఇలిష్ అన్న పేరుతో మంచుగడ్డల మధ్య పేర్చి అమ్ముతారు. అదే బ్రాంక్స్‌లో పడమటి వైపు, ఫోర్డ్‌హామ్ పరిసరాల్లో, 1980లలో కంబోడియా శరణార్థులను తెచ్చి పాత అపార్ట్‌మెంట్లలో దింపారు. ఈ రెండు పేటల మధ్య దూరం కొద్ది మైళ్ళే. ఈ రెండు సముదాయాలకూ తగిన చరిత్రకారులు దొరికారు. వివేక్ బాల్డ్ రాసిన ‘బెంగాలీ హార్లెమ్’ 2013లోను, ఎరిక్ టాంగ్ రాసిన ‘అన్‌సెటిల్డ్’ 2015లోను వెలువడ్డాయి. వాటికి ముందే, 2004లో, సుచెంగ్ చాన్ ‘సర్వైవర్స్’ అన్న పేరుతో అమెరికాలోని కంబోడియా శరణార్థుల చరిత్రను రాశారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఏ ఒక్క పుస్తకమూ సూటిగా అడగని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. ఈ ఇద్దరిలో ఎవరి బతుకు మెరుగుపడింది, ఎందుచేత?

ముందుగా అంకెలు. అమెరికా జనగణన సంస్థ 2019 వరకు సేకరించిన వివరాలను ప్యూ పరిశోధన కేంద్రం దేశాలవారీగా విడదీసి ప్రకటించింది. దాని ప్రకారం బంగ్లాదేశీ కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం సుమారు 60 వేల డాలర్లు. కంబోడియా కుటుంబాలది సుమారు 67 వేలు. ఆసియా సంతతి మొత్తానికి కలిపి చూస్తే అది 86 వేలకు చేరువలో ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు బంగ్లాదేశీయుల్లో నూటికి 19 మంది, కంబోడియన్లలో 13 మంది. ఇక చదువు సంగతి చూస్తే లెక్క తలకిందులవుతుంది. పాతికేళ్ళు దాటిన బంగ్లాదేశీయుల్లో దాదాపు సగం మందికి కళాశాల పట్టా ఉంది. కంబోడియన్లలో అది ఉన్నవారు ఐదో వంతుకు అటూ ఇటూ మాత్రమే.

చదువే అన్నిటికీ మందు అని నమ్మే జాతికి ఈ అంకెలు కొరుకుడు పడవు. పట్టాలు ఎక్కువ ఉన్నవారు పేదలుగా ఉండటమేమిటి, బడి ముఖం చూడని రైతుల సంతానం వారికంటే ఒక మెట్టు పైన ఉండటమేమిటి? వెంటనే తోచే సమాధానాలు రెండు. కంబోడియన్లు ఎక్కువ కష్టపడతారు అన్నది మొదటిది. బంగ్లాదేశీయుల్లో స్త్రీలు ఉద్యోగాలకు వెళ్ళరు అన్నది రెండోది. మొదటిది అంకెలు చెప్పని మాట. రెండోదానిలో కొంత నిజం ఉన్నా, అదొక్కటే ఇంత తేడాను వివరించలేదు.

ఈ పోలికలో మొదట గమనించవలసింది కాలం. 1990 జనగణన నాటికి అమెరికాలోని కంబోడియన్లలో నూటికి నలభై మందికి పైగా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. నేటి బంగ్లాదేశీయుల కంటే అది రెట్టింపు దుస్థితి. అక్కడి నుంచి 13కు దిగడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఇక్కడే పుట్టి, ఇక్కడి భాషే మాతృభాషగా పెరిగిన పిల్లలు సంపాదనలోకి వచ్చారు. బంగ్లాదేశీయుల్లో ఇప్పటికీ ముప్పావు వంతు మంది విదేశంలో పుట్టినవారే. వారిలో అధిక భాగం గత పాతికేళ్ళలో వచ్చి చేరినవారు. కాపుకు వచ్చిన తోటనూ నిన్న నాటిన మొక్కనూ పక్కపక్కన నిలబెట్టి ఏది ఎక్కువ కాసిందని అడగడం ఎంత న్యాయమో, ఈ రెండు అంకెలను కాలంతో ముడిపెట్టకుండా పోల్చడమూ అంతే న్యాయం. పైగా బంగ్లాదేశీయుల్లో పెద్ద భాగం న్యూయార్క్‌లోనే ఉంది. అక్కడి ఇంటి అద్దె ముందు 60 వేల డాలర్లు ఎంత చిన్న మొత్తమో ఆ నగరంలో కాపురం చేసినవారికి చెప్పనక్కరలేదు.

రెండో సంగతి, ఎవరు ఏ తలుపు గుండా ఈ దేశంలోకి వచ్చారన్నది. సుచెంగ్ చాన్ పుస్తకానికి బలం ఇక్కడే ఉంది. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో, ఎనభై లక్షలకు లోపు జనాభా ఉన్న దేశంలో, సుమారు పదిహేడు లక్షల మంది ఆకలికీ, రోగానికీ, చాకిరీకీ, హత్యలకూ బలయ్యారు. వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు వెతికి వెతికి చంపబడ్డారు. మిగిలినవారిలో థాయ్ సరిహద్దు శిబిరాలకు చేరి, 1980 శరణార్థుల చట్టం కింద అమెరికాకు వచ్చినవారిలో ఎక్కువ మంది పల్లె రైతులు, భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు, అక్షరం రానివారు. 1975 తరువాతి రెండు దశాబ్దాల్లో అలా వచ్చినవారు లక్షన్నర వరకు ఉంటారు.

వారు మోసుకొచ్చిన గాయం ఎంత లోతైనదో వైద్య సాహిత్యంలో నమోదై ఉంది. 1980లలో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ నగరంలో నడివయసు కంబోడియా స్త్రీలు చూపు పోయిందంటూ కంటి వైద్యుల దగ్గరకు వచ్చారు. కళ్ళలో ఏ లోపమూ కనిపించలేదు. చూడరానివి చూసిన తరువాత వారికి చూపు మందగించింది. 2005లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆ నగరంలోని కంబోడియా శరణార్థుల్లో నూటికి 62 మందికి ఆ ఘోరాల తాలూకు మానసికాఘాత రుగ్మత, 51 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉన్నాయి. అది వారు అమెరికా చేరిన రెండు దశాబ్దాల తరువాతి మాట. రాత్రి నిద్ర లేని మనిషి పగటి ఉద్యోగాన్ని ఎలా నిలుపుకోగలడన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రం దగ్గర జవాబు లేదు. ఎరిక్ టాంగ్ ఆ ప్రశ్నను ప్రభుత్వం ముందు పెడతారు. శరణు ఇచ్చామని చెప్పుకున్న దేశం ఆ మనుషులను వేడి నీళ్ళు రాని అపార్ట్‌మెంట్లలో పడేసి, సంక్షేమ సాయం కోసం వరుసలో నిలబెట్టి, 1996 తరువాత ఆ సాయాన్ని కూడా కత్తిరించింది. వారికి యుద్ధం ముగియలేదు అన్నది ఆయన వాదం.

బంగ్లాదేశీయులకు తెరుచుకున్న తలుపు వేరు. ఓడల్లో బొగ్గు వేసే పనివాళ్ళుగా వచ్చి, రేవుల్లో దిగి మాయమై, హార్లెమ్‌లో నల్లజాతి, ప్యూర్టోరికో స్త్రీలను పెళ్ళాడి స్థిరపడిన తొలితరం బెంగాలీ ముస్లింల కథను వివేక్ బాల్డ్ అద్భుతంగా తవ్వి తీశారు. 1917 చట్టం ఆసియా కార్మికులకు తలుపులు మూసిన తరువాత కూడా వారు రావడం ఆగలేదు. అయితే ఆ పుస్తకం ఆగిపోయిన చోటే నేటి బంగ్లాదేశీ అమెరికా మొదలవుతుంది. 1990 వలస చట్టం ప్రవేశపెట్టిన వీసా లాటరీ 1995 నుంచి అమలులోకి వచ్చి, వేలాది బంగ్లాదేశీ కుటుంబాలను ఇక్కడికి చేర్చింది. అయిదేళ్ళలో యాభై వేల మందికి మించి వలస వచ్చిన దేశాలకు లాటరీ వర్తించదన్న నియమం వల్ల 2013 లాటరీ నుంచి ఆ దేశాన్ని తప్పించారు. అప్పటికే వచ్చినవారు తమ తోబుట్టువులకూ తల్లిదండ్రులకూ దారి వేశారు.

లాటరీకి కావలసిన అర్హత ఉన్నత పాఠశాల చదువు, లేదా రెండేళ్ళ శిక్షణ అవసరమైన వృత్తిలో రెండేళ్ళ అనుభవం. ఢాకాలోనో సిల్హెట్‌లోనో డిగ్రీ పూర్తి చేసిన యువకుడికి ఆ చీటీ తగిలితే శాశ్వత నివాసం దక్కుతుంది. ఉద్యోగం మాత్రం దక్కదు. హెచ్‌-1బీ మీద వచ్చేవారికి విమానం ఎక్కేనాటికే కొలువు సిద్ధంగా ఉంటుంది. లాటరీ మీద వచ్చినవాడికి బంధువు ఇంట్లో ఒక మూల గది, వారం తిరిగేలోగా చేతికి అందిన పని. అక్కడ లెక్కలు చెప్పిన మేస్టారు ఇక్కడ కిరాణా దుకాణంలో సరుకు సర్దుతాడు. అక్కడి వైద్యుడు లైసెన్సు పరీక్షలు రాయాలి, తరువాత రెసిడెన్సీ సంపాదించాలి. భార్యాబిడ్డలను పోషించుకుంటూ రాత్రి షిఫ్టు తరువాత ఆ పుస్తకాలు తెరవడం ఎందరికి సాధ్యం? శరణార్థికి అరకొరగానైనా దొరికిన నగదు సాయం, వైద్య సాయం ఇతనికి లేవు. 1996 చట్టం ప్రకారం కొత్తగా వచ్చిన వలసదారులకు మొదటి అయిదేళ్ళు కేంద్ర ప్రభుత్వ సంక్షేమ పథకాల్లో చాలా వాటికి అర్హత లేదు. పట్టా ఉంది కనుక గణాంకాల్లో అతడు విద్యావంతుడు. ఆ పట్టాకు ఇక్కడి మార్కెట్‌లో చెల్లుబాటు లేదు కనుక జీవితంలో అతడు కూలివాడు. ఆదాయానికీ చదువుకూ మధ్య కనిపించే వైరుధ్యం చాలావరకు ఇదే.

మూడో సంగతి, ఆ రెండు సముదాయాలు పట్టుకున్న వృత్తులు. కాలిఫోర్నియా కంబోడియన్ల చేతికి డోనట్ దుకాణం వచ్చింది. 1975లో శరణార్థిగా వచ్చిన టెడ్ నోయ్ ఒక గొలుసు దుకాణంలో పని నేర్చుకుని, సొంతంగా పదుల సంఖ్యలో దుకాణాలు తెరిచి, తనవారికి అద్దెకిచ్చి, చివరకు జూదంలో అంతా పోగొట్టుకున్నాడు. ఆ మనిషి పతనమైనా వ్యాపారం నిలిచింది. తెలుగునాట చీటీపాట వంటిదే వారికీ ఉంది. పదిమంది కలిసి నెలనెలా వేసుకునే ఆ డబ్బుతో బ్యాంకు గడప తొక్కకుండానే చిన్న దుకాణం పెట్టవచ్చు. తెల్లవారుజామున రెండు గంటలకు పిండి కలపడం, తల్లిదండ్రులిద్దరూ నిలబడటం, బడి నుంచి వచ్చిన పిల్లలు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం ఇందులో పెట్టుబడి. ఆ కూలిని ఎవరూ లెక్కలో వేయరు. లాభం చిన్నదే, నష్టమూ చిన్నదే.

న్యూయార్క్ బంగ్లాదేశీయుల్లో చాలామందికి చేతికొచ్చింది టాక్సీ స్టీరింగు. పసుపు టాక్సీ నడపాలంటే నగరం జారీచేసే మెడాలియన్ అనే అనుమతి బిళ్ళ కావాలి. ఇతరుల బండిని అద్దెకు నడిపి విసిగినవాడు ఎప్పటికైనా సొంత మెడాలియన్ కొనాలని కలగంటాడు. నగర ప్రభుత్వమే దాన్ని భద్రమైన పెట్టుబడి అని ప్రచారం చేసి వేలంలో అమ్మింది. 2014 నాటికి దాని ధర పది లక్షల డాలర్లు దాటింది. తీర్చగలరో లేదో చూడకుండా అప్పులిచ్చిన సంస్థలు ఉండనే ఉన్నాయి. ఊబర్ వచ్చాక ధర కూలింది, అప్పు మాత్రం కూలలేదు. 2018లో పలువురు డ్రైవర్లు ఆత్మహత్య చేసుకున్నారు. 2021 శరదృతువులో డ్రైవర్లు నగర కార్యాలయం ముందు 15 రోజులు నిరాహారదీక్ష చేసిన తరువాత అప్పును రెండు లక్షల డాలర్లకు కుదించే ఒప్పందం కుదిరింది. ఈ దెబ్బ తిన్నవారిలో బంగ్లాదేశీ కుటుంబాలు ఎన్నో. వారు కష్టపడలేదని అనగలిగేదెవరు? పన్నెండు గంటలు బండి నడపడం, తెల్లవారకముందే పిండి కలపడం, రెండూ కష్టమే. ఒక కష్టం చిన్న దుకాణమై మిగిలింది, మరొకటి వడ్డీకి పోయింది.

నేటి ఆదాయాన్ని బట్టి రేపటిని చెప్పలేమన్నది కూడా గుర్తుంచుకోవాలి. బంగ్లాదేశీ టాక్సీ డ్రైవర్ల పిల్లలు న్యూయార్క్‌లోని పోటీ పరీక్షల ఉన్నత పాఠశాలల్లో కనిపిస్తున్నారు. తండ్రికి అక్కరకు రాని పట్టా ఇంట్లో చదువు వాతావరణమై పిల్లలకు అందుతోంది. కంబోడియన్లలో రెండో తరం సంపాదనలోకి త్వరగా వచ్చినా, కళాశాల దాకా వెళ్ళినవారు తక్కువ. ముఠాల నీడలో పెరిగి, చిన్నతనంలో చేసిన నేరానికి శిక్ష అనుభవించిన తరువాత కూడా, 2002 ఒప్పందం కింద వందలాది మంది తాము చూసి ఎరుగని కంబోడియాకు పంపబడ్డారు. అలా పోయినవాడి సంపాదన ఏ కుటుంబ ఆదాయంలోనూ లెక్కకు రాదు.

ఈ పోలిక తెలుగు పాఠకుడికి ఎందుకంటే, ఇదే పట్టికలో భారతీయుల వరుస కూడా ఉంది. వారి కుటుంబాల మధ్యస్థ ఆదాయం సుమారు 1,19,000 డాలర్లు, పేదలు నూటికి ఆరుగురు. ఆ అంకెలను చూసి మన సంస్కృతి, మన క్రమశిక్షణ, మన కష్టం అని సంఘ సభల్లో చప్పట్లు కొట్టుకోవడం రివాజైంది. నిజానికి 1965 తరువాత వైద్యులనూ ఇంజినీర్లనూ, 1990 తరువాత సాఫ్ట్‌వేర్ నిపుణులనూ ఈ దేశం ఏరి ఏరి తీసుకుంది. ఏరిన గింజలను చూసి పొలమంతా అలాగే పండిందనుకోవడం వ్యవసాయం తెలిసిన జాతికి తగదు. లక్షల రూపాయల అప్పుతో మాస్టర్స్ చదివి, వీసా లాటరీ తగలక, ఏదో ఒక కౌంటర్ వెనుక రాత్రులు గడిపే తెలుగు కుర్రవాడిని అడిగితే, పట్టాకూ బతుకుకూ మధ్య దూరమెంతో అతడే చెబుతాడు. ఆ పార్క్‌చెస్టర్ మేస్టారు అతనికి పరాయివాడు కాడు.

చేయవలసినవి ఏమిటన్నది ఈ పుస్తకాలు చదివాక స్పష్టంగానే కనిపిస్తుంది. ఆసియా వాసులు అన్న ఒకే గడిలో అందరినీ కుక్కే అలవాటును ఆసుపత్రులు, పాఠశాలలు, ప్రభుత్వ శాఖలు మానుకోవాలి. ఖ్మేర్ మాట్లాడే వృద్ధురాలి నిద్రలేమీ, పన్నెండు గంటలు కూర్చుని బండి నడిపే బెంగాలీ డ్రైవర్ మధుమేహమూ ఆ గడిలో కలిసి కనుమరుగవుతాయి. విదేశీ పట్టా ఉన్నవారికి లైసెన్సు దారిని సుగమం చేయడం దానమేమీ కాదు, వృథా పోతున్న విద్యను వాడుకోవడం. ఈ రెండు పనుల్లోనూ ముందుకు రాగల పలుకుబడి ఉన్నది, ఏరి తీసుకోబడి పైకొచ్చిన భారతీయ వైద్యులకూ ఇంజినీర్లకే. మూడు పుస్తకాల్లో ఒకటే చదివే తీరిక ఉన్నవారు ‘సర్వైవర్స్’తో మొదలుపెట్టవచ్చు. ‘బెంగాలీ హార్లెమ్’ చదవడానికి హాయిగా ఉంటుంది. ‘అన్‌సెటిల్డ్’ చదువుతుంటే హాయి ఉండదు, కానీ పూర్తి చేసినవారు సంఘ సభలో తరువాతి చప్పట్లకు ముందు ఒక క్షణం ఆగుతారు.