రోగం మాది, బేరం వాళ్ళది

పత్తి తీతకు పోయిన మా పల్లె పెద్దమ్మ ఒకామె చేలోనే గుండె పట్టుకుని కూలబడింది. 2025 అక్టోబరు నెల అది. ఆటోలో వేసుకుని పట్నం ఆస్పత్రికి తీసుకుపోయాం. కౌంటరు దగ్గర కుర్రాడు కార్డు చూసి పక్కన పెట్టాడు. "కార్డు మీద చెయ్యటం ఆపేశాం, డబ్బు కడితే చేర్చుకుంటాం" అన్నాడు. ఆమె కొడుకు మా మొహంలోకి చూశాడు. "కార్డుంటే రూపాయి అక్కర్లేదన్నారు గదా మాస్టారూ!" అన్నాడు. నిజమే, ఆ దరఖాస్తు నింపింది మేమే. కమ్మలు కుదువ పెట్టి, చాలనిది మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాం. ఆమె బతికింది. అప్పు తీరలేదు.

ఆ నెల 10వ తేదీ నుంచి రాష్ట్రమంతా నెట్‌వర్క్ ఆస్పత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ ఆపేశాయి. సర్కారు తమకు రెండున్నర వేల కోట్ల పైనే బాకీ పడిందన్నాయి. సర్కారుకూ ఆస్పత్రికీ లెక్క తేలకపోతే మధ్యలో నలిగింది ఎవరు? మోతుబరికి గుండెనొప్పి వస్తే ఆ తలుపు మూసుకోదు. మూసుకున్నది కూలోడికే.

దీనికి మందు అని సర్కారు చెప్పేది ఏందంటే, బీమా కంపెనీని తేవటం! 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, కుటుంబానికి ఏడాదికి రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ చూస్తుంది, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు చూస్తుంది. మన జబ్బుల్లో చాలావరకు ఆ రెండున్నర లక్షల లోపలివే. అంటే మనం కంపెనీ చేతిలోకి పోతాం. కంపెనీకి ప్రీమియం ముందే ముడుతుంది. ఆ తర్వాత ఎంత తక్కువ ఖర్చు పెడితే దానికి అంత మిగులు. "ఈ ఆపరేషను అక్కర్లేదు", "ఈ కాగితం చాలదు" అన్న ప్రతి మాటా దానికి ఆదాయమే. బాకీ పెట్టిన తప్పు సర్కారుది. దానికి మన ప్రాణాన్ని పాటకు పెట్టటం ఏం న్యాయం?

ఇది కొత్త కూడా గాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయింది స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా కంపెనీతోనే. పేరు మారింది, మళ్ళీ మారింది, గోడల మీద బొమ్మలు మారాయి. ఆ పథకంతో ప్రాణం దక్కినోళ్ళు మన పల్లెల్లో ఉన్నారు, కాదనం. కానీ సర్కారు సొమ్ము ప్రైవేటు ఆస్పత్రికి పోతుంటే, పీహెచ్‌సీలో డాక్టరు కుర్చీ ఖాళీగా ఉందని అడిగేవాడు లేకపోయాడు. రోజూ మింగే షుగరు బిళ్ళకు ఆ కార్డు పనికిరాదు. మంచం ఎక్కాక పనికొస్తుంది.

ఆడవాళ్ళ సంగతి చెప్పాలంటే నోరు రావటం లేదు. నడుం నొప్పి అని పోతే గర్భసంచి తీసి పంపారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి లేదు. దేశంలో అందరికన్నా మనమే ఎక్కువ. దేశం మొత్తం లెక్క నూటికి మూడు. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లు హద్దు మీరాయని గోల పుట్టాక, వాటిని సర్కారు ఆస్పత్రులకే పరిమితం చెయ్యాల్సొచ్చింది. ముప్పై ఏళ్ళకే గర్భసంచి పోయి, ఎముకలు గుల్లబారినా మన అక్కలు ఇంకా నాట్లకు వంగుతూనే ఉన్నారు. డబ్బు వచ్చే చోట అక్కర్లేని కోత, డబ్బు రాని చోట అవసరమైన కోతకు కూడా కాదనటం. ఇదే బేరం.

అమెరికాలో ఈ బేరం ఎప్పటినుంచో నడుస్తోంది. 2024 డిసెంబరు 4న న్యూయార్కు వీధిలో యునైటెడ్ హెల్త్‌కేర్ అనే పెద్ద బీమా కంపెనీ అధిపతిని కాల్చి చంపారు. చంపటాన్ని మేం ఒప్పుకోం, అంబేద్కర్ దారి అది గాదు. కానీ ఆ చావు వార్త విని జనం జాలి పడటం మాని, బీమా కంపెనీలు తమవాళ్ళ వైద్యాన్ని ఎట్లా కాదన్నాయో వరసపెట్టి చెప్పుకున్నారు. అంత కడుపుమంట ఊరికే పుడుతుందా?

బాబాసాహెబ్ 1947లోనే 'రాష్ట్రాలు–మైనారిటీలు' అనే పత్రంలో బీమా వ్యాపారం మొత్తం రాజ్యం చేతిలోనే ఉండాలని రాశాడు. 1956లో జీవిత బీమా, 1970లలో సాధారణ బీమా జాతీయం అయ్యాయి. 1999 చట్టంతో ప్రైవేటుకు మళ్ళీ తలుపు తీశారు. ప్రతి ఏప్రిల్ 14న ఆయన బొమ్మకు దండ వేసే నాయకుల్లో ఒక్కడైనా ఈ మాట ఎత్తాడా? ఫ్యాక్టరీ కార్మికుడికి 1948లోనే ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. చేలో ఎండకు మాడే కూలీకి అదీ లేదు.

మేం అడిగేది దానం గాదు. మండలంలోని పీహెచ్‌సీలో రాత్రిపూట కూడా డాక్టరు, పాముకాటు మందు, షుగరు బిళ్ళలు ఉండాలి. వైద్య సేవను కంపెనీ చేతికి ఇవ్వొద్దు. ఆస్పత్రుల బాకీ ఏ నెలకు ఆ నెల తీర్చాలి.

అంతదాకా మన పని మనం చేద్దాం. కార్డు చెల్లదు అంటే నోటి మాట ఒప్పుకోకండి, కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఎవరో కనుక్కోండి, 104కు ఫోను చేసి తేదీ, టైము రాసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. చదువు రానోళ్ళకు మన కుర్రోళ్ళు రాసిపెట్టాలి. ఆ కాగితాలన్నీ వచ్చే ఆదివారం పొద్దుగూకే వేళకు అంబేద్కర్ బొమ్మ దగ్గరికి తీసుకురండి. పెద్దమ్మ తన రసీదుతో వస్తానంది.