ఎత్తుపళ్ళు తలరాత కాదు

పసివాడికి పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండమనేవాళ్ళు మా ప్రేమ్ బజార్ తెలుగువాళ్ళలో ఇంకా ఉన్నారు. అదే పిల్లవాడికి ఎత్తుపళ్ళొస్తే మాత్రం 'దేవుడిచ్చిన రూపు' అని వదిలేస్తారు. ఆడపిల్లయితే పెళ్ళిచూపుల ముందు క్లిప్పుల కోసం పరుగు!

ఇది అందం గొడవ ఒక్కటే కాదు. బోర్లా పడితే ముందు విరిగేవి ఆ పళ్ళే. చిన్నతనంలోనే వైద్యం మొదలుపెడితే ఆ దెబ్బలు తగ్గుతాయనీ, మిగతా విషయాల్లో కాస్త పెద్దయ్యాక చేయించినా తేడా లేదనీ 2018లో కాక్రేన్ సమీక్ష తేల్చింది.

క్లిప్పులు పెడితే ఇక పళ్ళు పుచ్చవనే ప్రచారానికి ఆధారమేది? సరిగా తోమకపోతే క్లిప్పుల చుట్టూనే పుచ్చు మొదలవుతుంది. రక్షణశాఖ లెక్కలు చూసినవాణ్ణి, ఓచరు లేని జమ ఒప్పుకోను.

ఏడేళ్ళలోపు ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సలహా. చూపించమంటే వెంటనే క్లిప్పులు బిగించమని కాదు.