కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నతనమా?

"మా అమ్మాయి అమెరికాలో చదువుతోందండీ" అని చెప్పేటప్పుడు వెలిగిన ముఖమే, "ఏ యూనివర్సిటీలో?" అని అడిగేసరికి వాడిపోవడం నేను చాలా యిళ్ళలో చూశాను. "యూనివర్సిటీ కాదు, కమ్యూనిటీ కాలేజీ" అనడానికి మనవాళ్ళకు నోరు రాదు. అదేదో తక్కువరకం చదువని ఒక అపోహ. ఈ వారం ఆ సంగతే ముచ్చటించుకుందాం.

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ కాలేజీ. ఇల్లినాయి రాష్ట్రంలోని జోలియెట్ అనే ఊళ్ళో 1901లో పెట్టిన కాలేజీ యిలాంటి ప్రభుత్వ కాలేజీలలో పాతది. ఇవాళ ఆ దేశంలో సుమారు వెయ్యి వున్నాయి. ఫీజు తక్కువ, వయస్సుతో నిమిత్తం లేదు, పగలు పనిచేసుకునేవాళ్ళకు సాయంకాలం క్లాసులుంటాయి. అందుకే దేశదేశాలనుంచి వలసవచ్చినవాళ్ళకు అది మొదటి మెట్టు. అక్కడ రెండేళ్ళు చదివి యూనివర్సిటీలో మూడో ఏట చేరితే, చివరకు చేతికి వచ్చేది ఆ యూనివర్సిటీ డిగ్రీయే!

చిక్కంతా ఆ రెండో మెట్టు దగ్గరే. యూనివర్సిటీ ఫీజు చూస్తే గుండె గుభేలుమంటుంది. పెల్ గ్రాంటు అనే ప్రభుత్వ సహాయం పౌరులకూ, గ్రీన్‌కార్డు వున్నవాళ్ళకూ, శరణార్థులకూ దొరుకుతుంది గాని, ఎఫ్-1, హెచ్-4 వీసాలమీద వున్నవాళ్ళకు దొరకదు. మరి వాళ్ళ గతేమిటి?

అక్కడే పనికివస్తుంది ఆనర్ సొసైటీ. రెండేళ్ళ కాలేజీల విద్యార్థులకు "ఫై థీటా కప్పా" అని ఒక సంఘం వుంది. పేరు గ్రీకు అక్షరాలు. 1918లో మిస్సోరీలో పుట్టింది. కనీసం 12 క్రెడిట్లు పూర్తిచేసి, సాధారణంగా నాలుగుకు 3.5 సగటు తెచ్చుకున్నవారిని చేరమని కాలేజీయే ఆహ్వానిస్తుంది. కొంత సభ్యత్వ రుసుము వుంటుంది. ఈ సభ్యుల కోసమే చాలా యూనివర్సిటీలు ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు కేటాయించాయి.

నాకు తెలిసిన ఒకమ్మాయి, గుంటూరు జిల్లా పిల్ల, పెళ్ళయి హెచ్-4 మీద వెళ్ళింది. ఇద్దరు పిల్లల్ని నిద్రపుచ్చి రాత్రిళ్ళు చదువుకునేది. ఆహ్వానం వస్తే ఏదో వ్యాపార ప్రకటన కాబోలని అవతల పడెయ్యబోయింది. లెక్కల మేష్టారు చెప్పబట్టి చేరింది. ఆ సంఘంలో మరో రెండుమూడు దేశాల ఆడపిల్లలు స్నేహితులయ్యారు. నలుగురి ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలంటే వున్న బెదురు తీరింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు వ్యాసం రాయవలసివస్తే, పిల్లలూ, వంటా, రాత్రి చదువూ అన్నీ దాచిపెట్టి గొప్పగా ఏదో రాసిందట. "ఆ దాచిందే రాయి తల్లీ" అన్న అర్థం వచ్చేలా చెప్పారట మేష్టారు. రాసింది. ఫీజులో సగం మాఫీ అయింది. మిగతా సగం వాళ్ళాయన జీతంలోంచి కట్టగలిగారు. సగమేనా అనకండి, ఆ సగం లేకపోతే ఆ చదువు అంతటితో ఆగిపోయేదే!

ఇంకా పెద్దవీ వున్నాయి. 2000లో ఏర్పడిన జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్, కమ్యూనిటీ కాలేజీలనుంచి యూనివర్సిటీలకు మారే విద్యార్థులకు ఏడాదికి 55,000 డాలర్లదాకా యిస్తుంది. అమెరికా పౌరులై వుండాలన్న నిబంధన లేదు. అయితే పోటీ విపరీతం, దక్కేది కొద్దిమందికే. కనుక దానిమీదే ఆశ పెట్టుకోకుండా చిన్నవాటికి కూడా దరఖాస్తు పెట్టాలి.

రెండు జాగ్రత్తలు. గ్రీకు పేరు పెట్టుకున్న ప్రతి సంఘమూ మంచిదని నమ్మి డబ్బు కట్టకూడదు. కాలేజీ ఆఫీసులో విచారించాలి. గడువు తేదీలు ముందుగా తెలుసుకోవాలి. కొన్ని చేరబోయే ఏడాదికి ఎన్నో నెలల ముందే ముగుస్తాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా! మనపిల్లలకు మొహమాటం మరీ ఎక్కువ.

కనుక తల్లులకు నాదొక మనవి. ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు, "ఎప్పుడమ్మా పెద్ద యూనివర్సిటీ?" అని పిల్ల మనస్సు చిన్నబుచ్చకండి. "మీ కాలేజీలో ఆనర్ సొసైటీ వుందటగా, నిన్ను పిలిచారా? స్కాలర్‌షిప్పు గడువెప్పుడు?" అని అడగండి. ఇంతదూరంనుంచి మనం చెయ్యగల సాయం అదే.