శేషుడి తల, మన పిల్లరు

నాగోల్ నుంచి బయలుదేరిన మెట్రో ఉప్పల్, స్టేడియం దాటాక ఎన్‌జీఆర్ఐ స్టేషన్‌లో ఆగుతుంది. 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరే దానికి పెట్టారు. రాష్ట్రంలో ఎక్కడ నేల వణికినా టీవీ కెమెరాలు ఆ గేటు దగ్గరికే వస్తాయి. 2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించి, ఆ ఊపు హైదరాబాద్ దాకా తెలిసినప్పుడూ అంతే. ఫోన్లలో తిరిగిన వివరణలు మాత్రం వేరు: మేడారం అమ్మవార్లకు కోపం వచ్చిందని, కలికాలంలో పాపభారం పెరిగిందని, భూమిని మోసే ఆదిశేషుడు తల మార్చుకున్నాడని.

కోపమే కారణమైతే 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఎవరి కోపం? అక్కడ రాముడు, ఇక్కడ మేడారంలో సమ్మక్క. దేవుళ్లు మారారు గానీ లోయ మారలేదు. రెండూ గోదావరి లోయలోనివే. కోట్ల ఏళ్ల కిందట, మన నేల గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉన్న కాలంలో, అక్కడ భూమి పొర సాగి, పగులు బారి, కుంగింది. ఆ పల్లంలో పేరుకున్న అడవులే సింగరేణి బొగ్గయ్యాయి. బొగ్గు దొరికినందుకు ఎవరూ పాపపుణ్యాల లెక్క తీయలేదు, అదే పగులు కదిలితే మాత్రం తీస్తున్నారు.

అది ఇప్పుడెందుకు కదలాలి? గోండ్వానా నుంచి విడిపోయిన భారత ఫలకం ఉత్తరానికి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకుంది. ఆ గుద్దుడుకు లేచినవే హిమాలయాలు. నెట్టుడు ఇంకా ఆగలేదు, ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున సాగుతూనే ఉంది. ఆ ఒత్తిడి సరిహద్దులోనే ఉండిపోదు, ఫలకమంతా పాకుతుంది. రాయి ఎంతకాలమో ఓర్చుకుంటుంది. ఓర్చలేని రోజున పాత పగుళ్ల దగ్గర జారుతుంది. ఆ జారుడు పుట్టించిన అలలే మన మంచాన్ని ఊపుతాయి.

ఇవేవీ తెలియని రోజుల్లో ఊహించడం తప్పు కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపానికి ఒకే కారణం చెప్పలేదు. సముద్రంలోని మహాజంతువుల వల్లనని కొందరు, దిగ్గజాల అలసట అని కొందరు, గాలులు ఢీకొనడమని కొందరు అంటారని రాశాడు. పూర్వీకులే ఒక మాట మీద లేరు. వాళ్లకున్న ఆ అనుమానం వాళ్ల పేరు చెప్పుకునేవాళ్లలో ఎందుకు లేదు?

పెద్దవాళ్లూ తడబడ్డారు. 1934 జనవరి 15 నాటి బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి శిక్ష అన్నాడు గాంధీ. ఆ దురాచారంపై ఆయన పోరాటాన్ని గౌరవించే రవీంద్రనాథ్ ఠాగూరే ఈ మాటను ఖండించాడు. శిక్షే అయితే అంటరానివాళ్ల గుడిసెలూ ఎందుకు కూలాయి?

1993లో వినాయక నిమజ్జనం ముగిసిన రాత్రి, తెల్లవారితే సెప్టెంబర్ 30 అనగా, 3:56కి మహారాష్ట్రలోని కిల్లారి కూలింది. ఊరేగింపు చేసి వచ్చి పడుకున్న భక్తులు వాళ్లు. దాదాపు పదివేల మంది పోయారు. చంపింది బురదతో పేర్చిన బండరాళ్ల గోడలు, వాటిపై బరువైన మట్టి కప్పులు.

మూఢనమ్మకం భక్తుల సొత్తే అనుకోకండి. దక్కన్ రాతినేల కదలదన్నది చదువుకున్నవాళ్ల నమ్మకం. 1967లో మహారాష్ట్రలోనే వచ్చిన కొయ్నా భూకంపం దాన్ని కుదిపింది, కిల్లారి కూల్చింది. అప్పటి భూకంప ప్రమాద మ్యాపులో కిల్లారి ఉన్న లాతూరు ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న మొదటి జోన్. 2002లో ఆ జోన్‌నే ఎత్తేసి రెండో జోన్‌లో కలిపారు, ఆ మ్యాపులో హైదరాబాద్‌ది రెండో జోన్. సాక్ష్యం ఎదురైతే మ్యాపు మారింది. శేషుడి కథను ఏ సాక్ష్యం మార్చగలదు?

ఉప్పల్, నాచారం గల్లీల్లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావరకు కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా పిల్లర్ల మీద నిలబడ్డవే. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఫ్లాటు కొనేవాడు ఈశాన్యం పెరిగిందా, వంటగది ఆగ్నేయంలో ఉందా అని అడుగుతాడు. పిల్లర్లలో రింగులు ఎంత దగ్గరగా కట్టారో, వాటి కొనలు లోపలికి వంచారో లేదో అడగడు. ఇంకా ఘోరం, కట్టిన ఇంట్లో వాస్తు దోషమని గోడలు పగలగొట్టించడం, బీముకు కన్నం వేయించడం. ఇది అమాయకపు నమ్మకం కాదు, ఇంటిని బలహీనపరిచే పని.

ఫలానా రోజు ఫలానా గంటకు భూకంపం వస్తుందని చెప్పగల శాస్త్రం నేటికీ లేదు. చెప్పానని ఫోన్‌లో పంపేవాడు జ్యోతిష్కుడైనా, శాస్త్రవేత్త వేషం వేసినవాడైనా నమ్మకండి, ఇంకొకరికి పంపకండి. వాస్తు పండితుడికి ఇవ్వాలనుకున్న ఫీజు స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇచ్చి, ఒక్కసారి మీ పార్కింగ్‌లో పిల్లర్లు చూపించండి.