చేతిలో సగం వరుస, బల్లమీద ఇంటి సొమ్ము

పందెం కాసి ఫోనులో ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం 2025 ఆగస్టు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో ఆమోదం పొందింది. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. నైపుణ్యంతో ఆడే ఆట, అదృష్టంమీద ఆడే ఆట అన్న భేదాన్ని ఈ చట్టం పాటించలేదు. డబ్బాటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడి నష్టపోయినవారికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు.

కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాలలో ఈ చట్టం ఒక పాత వాదాన్ని మళ్లీ లేవనెత్తింది. రమ్మీ, పోకర్ వంటివి తెలివిమీద ఆధారపడిన ఆటలైతే వాటిని జూదంతో కలిపి ఎందుకు నిషేధించాలి? ఈ ప్రశ్నకు న్యాయస్థానాల తీర్పులలో కొంత జవాబు ఉంది. మిగిలిన జవాబు పేకముక్కల లెక్కలోనే ఉంది.

ఘాటీకి అటూ ఇటూ

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 1968 నాటి తీర్పుగా ప్రసిద్ధం. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని, రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని ఆ తీర్పు సారాంశం. అయితే ఆట నడిపించేవాడు దానిమీద లాభం తీస్తుంటే అది నేరం కావచ్చునని కూడా అదే తీర్పు హెచ్చరించింది. మొదటి మాటను ప్రకటనలు ఊరూరా చాటాయి. రెండో మాటను చెప్పినవారు అరుదు.

సరిహద్దు ప్రజలకు మరొక చిక్కు ఉండేది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నైపుణ్యపు ఆటలను మినహాయించింది. 1955 నాటి ఒడిశా చట్టంలో అటువంటి మినహాయింపు లేదు. అందువల్ల సాలూరులో చెల్లిన వాదం ఘాటీ ఎక్కి సుంకి చేరేసరికి చెల్లేది కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 నాటి కేంద్ర చట్టంతో ఫోను ఆటల విషయంలో రెండు వైపులా ఒకే న్యాయం ఏర్పడింది.

పూర్తికాని చేతి లెక్క

ఈ ఆటలలో నైపుణ్యం లేదనడం సరికాదు. పోకర్‌లో ప్రతి ఆటగానికీ రెండు ముక్కలు విడిగా పంచుతారు. మరి ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్లమీద తెరుస్తారు. ఒకని చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయి. బల్లమీద తెరిచిన మొదటి మూడింటిలో మరో రెండు ఆఠీన్లు వచ్చాయి. ఐదో ఆఠీను వస్తే చేయి పూర్తవుతుంది. అది రాకపోతే ఆ నాలుగింటికీ విలువ లేదు. ఎదుటివాడు పందెం పెంచాడు. నిలవాలా, ముక్కలు పడేయాలా?

పేకలో ఆఠీన్లు 13. కనిపించినవి నాలుగు పోగా 9 మిగిలాయి. తెలియని ముక్కలు 47. కనుక తర్వాతి ముక్క ఆఠీను అయ్యే అవకాశం 19 శాతం. మిగిలిన రెండు ముక్కలనూ చూడగలిగితే అది 35 శాతం. బల్లమీద 600 ఉండగా ఎదుటివాడు 300 వేశాడనుకుందాం. 900 కోసం 300 పెట్టాలి. ఇటువంటి సందర్భాలలో నాలుగింట ఒకసారైనా, అంటే 25 శాతమైనా గెలిస్తేనే పెట్టిన సొమ్ముకు గిట్టుబాటు. ఒక్క ముక్కను మాత్రమే చూడగలిగితే ముక్కలు పడేయడమే సాధారణంగా వివేకం. మరి పందెం లేకుండా రెండూ చూడగలిగితే నిలవవచ్చు.

టోర్నమెంటులో లెక్క ఇంకా బిగుస్తుంది. అక్కడ చిప్స్ రెట్టింపైతే బహుమతి రెట్టింపు కాదు. బహుమతులు స్థానాన్నిబట్టి ఇస్తారు. చిప్స్ అన్నీ పోతే మాత్రం ఆట ముగిసినట్లే. ఎదుటివాడు 600 వేస్తే 1200 కోసం 600 పెట్టాలి. గిట్టుబాటుకు 33 శాతం కావాలి, ఉన్న అవకాశం 35. మామూలు ఆటలో అంచుమీద సరిపోయే ఈ బేరం, ఉన్న చిప్స్ అన్నీ ఒడ్డవలసిన టోర్నమెంటులో చాలాసార్లు నష్టబేరమే.

రమ్మీ ఎరిగినవారికి ఇది కొత్త కాదు. రెండు పేకల ఆటలో ఆఠీను 5, 6 ఉన్నవానికి 4 గాని 7 గాని పనికివస్తుంది. అటువంటి ముక్కలు నాలుగు. 5, 7 పట్టుకున్నవానికి 6 ఒక్కటే దిక్కు. అవి రెండే. 101 పాయింట్ల పూల్‌లో మొదటే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు. ఆడి ఓడితే 80 వరకు పడవచ్చు. జోకరు లేని వరుస ఒక్కటైనా కుదరనివానికి చేతిలోని ముక్కలన్నీ లెక్కకు వస్తాయి. ఓడినప్పుడు సగటున 50 పడుతుందనుకుంటే, 60 శాతానికి మించి గెలిచే చేయి అయితేనే డ్రాప్ కంటే ఆడడం మేలు. 80 పాయింట్లవద్ద ఉన్నవాడు ఇంకొక్కసారి డ్రాప్ చేసి బతకగలడు. 81 వద్ద ఉన్నవానికి ఆ దారి కూడా లేదు.

బల్ల యజమాని వాటా

ఇంత తెలివి గల ఆట ఇళ్లను ఎందుకు ముంచింది? పైలెక్కలో ఒక అంకె చేరలేదు. అది ఆట నడిపించేవాని వాటా. ఆరుగురు తలా 100 వేస్తే 600. ఉదాహరణకు పది శాతం తీసుకుంటే గెలిచినవానికి చేరేది 540. ఆరుగురూ సమానమైన ఆటగాళ్లయితే ఒక్కొక్కరికి సగటున తిరిగి వచ్చేది 90. యాభై ఆటలు ఆడితే తలకు 500 పోయినట్లే. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా యజమానికి నష్టం లేదు. 2023 అక్టోబరు 1 నుంచి జమచేసిన మొత్తంపై 28 శాతం జీఎస్టీ కూడా తోడైంది. నైపుణ్యం ఒక ఆటగాని సొమ్మును మరొకనికి చేర్చగలదు గాని, బల్ల దాటిపోయిన సొమ్మును వెనక్కు తేలేదు. దేశంలో 45 కోట్ల మంది ఏటా 20 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టపోతున్నారని చట్టం తెచ్చిన సమయంలో కేంద్రప్రభుత్వం అంచనా చెప్పింది.

పోయిన సొమ్ము కోసం

పూర్తికాని చేతి లెక్కలో అన్నిటికంటే కఠినమైన సూత్రం ఒకటుంది. బల్లమీద వేసిన సొమ్ము ఇక వేసినవానిది కాదు. ఇంతవరకు 2,000 పెట్టాను గనుక నిలవాలి అనుకునేవాడు పేకను చూడడం లేదు, పోయిన దానిని చూస్తున్నాడు. జీడిపప్పు అమ్మిన డబ్బో, కూలికి వలసపోయినవాడు పంపిన డబ్బో, పొదుపు సంఘం అప్పో ఫోనులో పోగొట్టుకున్నవాడు దానిని రాబట్టడానికి మళ్లీ అప్పు చేయడం అటువంటిదే. భారతకథలో ధర్మరాజు మొదటి జూదంలో పోగొట్టుకున్నదంతా తిరిగి దక్కింది. మళ్లీ పిలిచినప్పుడు వెళ్లి కూర్చున్నందుకే వనవాసం వచ్చింది.

చట్టం పెద్ద సంస్థల తలుపులు మూయించగలదు. దొడ్డిదారిన వచ్చే లింకులు, పోయినది ఇప్పిస్తామని పలికే మాయగాళ్లు ఇంకా పొంచి ఉంటారు. మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయడం మేలు. ఆలస్యమైనకొద్దీ సొమ్మును ఆపించే వీలు తగ్గుతుంది. ఫోను ఆటలో ఓడినవానికి కేంద్ర చట్టం శిక్ష విధించలేదు గనుక ఇంట్లో దాచవలసిన అవసరం లేదు. ఇంటివారు కూడా తిట్టడానికి ముందు అప్పు ఎంత, ఎవరికి, ఎంత వడ్డీకి అన్నవి కాగితంమీద రాయించాలి. పోయిన మొత్తాన్ని ఆ కాగితంలో ఒకసారి రాసి గీత గీయాలి. గీత కింద మిగిలిన అప్పును పంట రాబడితోనో, కూలితోనో తీర్చుకోవచ్చు. మరో ఆటతో మాత్రం అది తీరదు.